గ్రంథాలయ కంప్యూటరు: జీర్ణోద్ధరణమా, నూతన నిర్మాణమా?

(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలయందు స్థాపకులను స్మరించుట, దాతలను కొనియాడుట, పుస్తక పఠనము యొక్క గొప్పతనమును వర్ణించుట పరిపాటి. ఆ కార్యమును ఇతర వక్తలు చక్కగా నిర్వహించిరి. ఈ ప్రసంగమునకు కార్యవర్గము నిర్ణయించిన విషయము కొంత వేరైనది. పఠన మందిరమున తూర్పు కిటికీ ప్రక్కను గుడ్డ కప్పి యుంచిన డెస్క్‌టాప్ కంప్యూటరును ఏమి చేయవలెనన్నదే ఆ విషయము. సరస్వతీ మందిరమున ఇనుప పెట్టెను గూర్చి ఇంత చర్చ ఏల అని కొందరు చిరునవ్వు నవ్వవచ్చును. గ్రంథాలయ ధనము వ్యయమగు చోట ఏ చర్చయు చిన్నది కాదు.

గ్రామమునుండి వెడలి విదేశమున ఉద్యోగము చేయుచున్న ఒక దాత ఆ యంత్రమును 2014లో ఒసగెను. అది ఒక పెద్ద కంపెనీవారు తమ కర్మాగారమున కూర్చి, తమ ముద్ర వేసి అమ్మిన పెట్టె. బజారు భాషలో ‘బ్రాండెడ్ సిస్టం’. ఉద్యోగ ప్రకటనలు, హాల్ టికెట్లు, పరీక్షా ఫలితములు పది సంవత్సరములకు పైగా దాని గుండనే గ్రామమునకు చేరినవి. 2020లో ధరణి వచ్చినప్పుడును, 2025 ఏప్రిలులో దాని స్థానమున భూభారతి వచ్చినప్పుడును, తమ సర్వే నంబరు సరిగా ఎక్కినదో లేదో చూచుకొనుటకు రైతులు దాని ముందే బారులు తీరిరి. ఇప్పుడు మీట నొక్కినది మొదలు తెర పనికి వచ్చువరకు ఒకరు దినపత్రిక మొదటి పుట చదివి ముగింపవచ్చును. దరఖాస్తు గడువు అర్ధరాత్రితో ముగియు దినమున పిల్లలు ఈ ఆలస్యమును ఓర్వలేక హుజూర్‌నగర్‌కు పోయి నెట్ సెంటరులో కూర్చుండుచున్నారు. బస్సు చార్జీ వారిది, సెంటరు రుసుము వారిది. గ్రంథాలయమున యంత్రము ఉండియు లేనట్లే యున్నది.

కార్యవర్గమున రెండు పక్షములు ఏర్పడినవి. ఉన్న యంత్రమునకే క్రొత్త భాగములు కొన్ని వేయించి వాడుకొనవలెనని పెద్దల మాట. దాత పేరు చెక్కిన ఇత్తడి పలక దానిపై నున్నది. దానిని త్రోసివేయుట మర్యాద కాదని వారి మనస్సులోని మాట. దీనిని పాత సామానుల వానికి ఇచ్చివేసి, సికింద్రాబాదు పోయి విడిభాగములు కొనితెచ్చి, స్వయముగా ‘అసెంబుల్డ్ సిస్టం’ ఒకటి కూర్చవలెనని యువకుల పట్టు. ఉత్సవ వ్యయము పోగా మిగులు చందా ధనము ఒక్క మారు వ్యయమునకే సరిపోవును. రెండు మార్గములును త్రొక్కుటకు చాలదు.

గ్రంథాలయమునకు పరిచితమైన సంగతితోనే ఆరంభించుట మంచిది. ఒక పుస్తకము అట్ట ఊడినదనుకొందము. కాగితములు గట్టిగా నున్నచో జిల్దు కట్టించుదురు. ఆ వ్యయము సార్థకము. కాగితములను చెదలు తిన్నచో ఎంత మంచి కాలికో అట్ట వేయించినను వ్యర్థము; క్రొత్త ప్రతి కొనవలసినదే. జిల్దు కట్టువాడు పుస్తకమును చేత బట్టి, పుటలు తిప్పి చూచిన పిదపనే ధర చెప్పును. కంప్యూటరు విషయమున మాత్రము పెట్టె మూత తీయకయే రెండు పక్షముల వారును తీర్పు చెప్పుచున్నారు. యంత్రము నెమ్మదించినదనగా యంత్రమంతయు ముసలిదైనదని అర్థము కాదు. ఏ అవయవము నెమ్మదించినదో తెలియవలెను.

2014 నాటి పెట్టెలలో సాధారణముగా నెమ్మదించునది హార్డ్ డిస్కు. దానిలో పళ్ళెములు గిర్రున తిరుగుచుండును; వాటిపై నుండి ఒక చిన్న చేయి సమాచారమును ఎత్తుకొనును. నిమిషమునకు 7,200 చుట్లు అనగా సెకనుకు 120 చుట్లు. ఒక చుట్టునకు 8 మిల్లీ సెకన్లకు పైబడి పట్టును. ఇది చూచుటకు వేగమే. కాని కంప్యూటరు మేలుకొనుటకు వేలకొలది చిన్న చిన్న ఫైళ్ళను పళ్ళెమునందు వేర్వేరు చోట్లనుండి తేవలసి యుండును. ప్రతిదానికిని ఆ చేయి జరుగవలె, పళ్ళెము తిరుగవలె. తాలూకా కచేరీలో ఒక కాగితము కొరకు పది బీరువాలు తెరచిన గుమాస్తా పాట్లు ఎరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఎస్.ఎస్.డి. అను పరికరమున తిరుగు పళ్ళెము లేదు. సమాచారము చిప్పులయందే యుండును. వెదకుటకు పట్టు కాలము డిస్కునకు పట్టుదానిలో నూరవ వంతునకు లోపు. పాత యంత్రమునకు ఇది యొకటి అమర్చినంతనే దానికి యౌవనము వచ్చినట్లుండునని రిపేరు పని చేయువారందరును చెప్పుమాట సత్యమే. అయితే ఒక జాగ్రత్త. ఎస్.ఎస్.డి.లు రెండు ఆకారములలో వచ్చును. ఒకటి చిన్న పలకవలె నుండి సాటా తీగతో కలియునది. రెండవది చూయింగ్ గమ్ బిళ్ళవలె పలుచగా నుండి మదర్‌బోర్డుపై నేరుగా గ్రుచ్చబడునది. 2014 నాటి బోర్డులలో ఎక్కువవాటికి ఈ రెండవదానికి తావు లేదు. అంగడివాడు క్రొత్తదని పొగడి ఇచ్చినను తిరిగి తెచ్చుకొనవలసి వచ్చును.

రెండవ అవయవము ర్యాము. ఇది పని చేయు బల్లవంటిది. బల్ల ఇరుకైనచో పుస్తకములను మాటిమాటికి దించుచు ఎత్తుచు నుండవలెను. ఆ కాలపు పెట్టెలలో 4 జి.బి. పలక ఒక్కటి వేసి అమ్ముట అలవాటు; రెండవ గాడి ఖాళీగా నుండును. అందు మరి 4 జి.బి. వేసినచో 8 అగును. పఠన మందిరపు పనులకు ఇది చాలును. ర్యాములో తరములు గలవు: డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5. ఒక తరము పలక మరియొక తరము గాడిలో కూర్చుండదు. గంటు వేరుచోట నుండును. పాత యంత్రమునకు డి.డి.ఆర్.3 కావలెను. క్రొత్తవి అరుదైనను, విప్పివేసిన యంత్రములనుండి తీసిన మంచి పలకలు దొరకును.

ఇంతవరకు పెద్దల మాట నెగ్గినట్లే కనబడును. చిక్కు ఇచ్చటి నుండి ఆరంభమగును.

ఈ రెండు భాగములతో తృప్తి చెందక ప్రాసెసరు కూడ మార్చవలెనని కోరిక పుట్టుట సహజము. ఎలుకలనుండి కౌపీనమును కాపాడుకొనుటకు పిల్లిని తెచ్చి, పిల్లికి పాలకొరకు ఆవును తెచ్చి, ఆవును మేపుటకు పొలమును సంపాదించి, తుదకు సంసారియైన సన్యాసి కథ అందరికి తెలిసినదే. కంప్యూటరునందు కౌపీనము ప్రాసెసరే. క్రొత్త ప్రాసెసరు పాత బోర్డునందలి గూటిలో పట్టదు; ఒక్కొక్క మారు కాళ్ళ సంఖ్య సరిపోయినను పని చేయదు. ఇంటెల్ కంపెనీవారి 7వ తరమునకును 8వ తరమునకును గూటి కాళ్ళు 1,151యే అయినను, ఒకదాని బోర్డు రెండవదానికి పనికిరాకపోవుట ఇందుకు దృష్టాంతము. కాబట్టి బోర్డు మార్చవలెను. బోర్డు మారినచో డి.డి.ఆర్.3 పలకలు పనికిరావు, ర్యాము మార్చవలెను. పెద్ద కంపెనీల పెట్టెలలో ఎన్నింటికో మరలు బిగించు రంధ్రములు వారి బోర్డునకే సరిపోవునట్లుండును, మీట తీగల కొనలు వారివే, ఎస్.ఎం.పి.ఎస్. అనబడు విద్యుత్ పెట్టె ఆకారము వారిదే. కావున క్యాబినెట్టు మార్చవలె, ఎస్.ఎం.పి.ఎస్. మార్చవలె. పైగా పెట్టెతోపాటు వచ్చిన విండోస్ అనుమతి ఆ మదర్‌బోర్డునకే ముడిపడి యుండును. బోర్డు పోయినచో అదియు పోవును. తుదకు పాత యంత్రమున మిగులునది దాత పేరుగల ఇత్తడి పలక ఒక్కటే. వ్యయము మాత్రము క్రొత్తదానికి పట్టినంతయు పట్టును.

గిరి గీయవలసిన చోటు ఇదే. మూత తీసి గాడిలోనో తీగకో తగిలింపదగిన భాగములవరకు పాత యంత్రమునకు వేయించవచ్చును. మదర్‌బోర్డు మార్చవలసిన పని పడినచో అది జీర్ణోద్ధరణము కాదు, పునాది త్రవ్వి కట్టు క్రొత్త ఆలయము. అప్పుడు దానిని క్రొత్తదిగానే తలచి, క్రొత్తదానికి తగిన ఆలోచనతోనే కట్టవలెను.

యువకులు ఇచ్చట ఒక బలమైన ఆక్షేపణ తెచ్చుచున్నారు. దానిని త్రోసిపుచ్చరాదు. మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు పంపుటను 2025 అక్టోబరు 14వ తేదీన నిలిపివేసినది. కోరి నమోదు చేసికొన్నవారికి కొంత గడువు మాత్రము ఇచ్చినది. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరము మొదలగు ప్రాసెసరులును, టి.పి.ఎం. 2.0 అను భద్రతా చిప్పును కావలెనని నియమము. 2014 నాటి యంత్రమునకు ఈ అర్హత లేదు. ఎస్.ఎస్.డి. వేసినంతనే అర్హత రాదు. రక్షణ లేని యంత్రమున ఆధారు, బ్యాంకు వివరములు కొట్టుట తాళము లేని ఇంట నగలు పెట్టుటయే.

దీనికి విరుగుడు లేకపోలేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి ఆరంభించిన లినక్సు అను వ్యవస్థ ఉచితముగా లభించును. పాత యంత్రములపైనను నడచును. దానికి రక్షణ సవరణలు వచ్చుచుండును. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సీడాక్ వారు దానిపైననే బాస్ అను వ్యవస్థను భారతీయ భాషలకు అనువుగా రూపొందించిరి. అందు తెలుగు గలదు. వెబ్‌సైటు చూచుట, దరఖాస్తు నింపుట, పి.డి.ఎఫ్. చదువుట, తెలుగు టైపు చేయుట వంటి పనులకు అది చాలును. డిజిటల్ సంతకపు పరికరములు, కొన్ని ప్రింటర్లు, ఇంజనీరింగు చిత్రలేఖనపు సాఫ్ట్‌వేరు మాత్రము దానిపై మొరాయించవచ్చును. ఇంజనీరింగు చదువు పిల్లలకు ఈ లోటు నిజమైన లోటే. దానిని చిన్నదిగా చూపుట న్యాయము కాదు.

ఇక విడిభాగములతో యంత్రమును కూర్చుట అను పక్షము. సామాన్యుడు ఇట్లు చేయగలుగుట ఎట్లు సంభవించెనో రెండు మాటలలో చెప్పుకొనవలెను. కొనుటయా, కట్టుటయా అన్న ప్రశ్న ఈ దేశమునకు కంప్యూటరుతోపాటే వచ్చినది. 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థ హెచ్.ఇ.సి.-2ఎం అను యంత్రమును ఇంగ్లాండునుండి తెప్పించినది. ఆ రోజులలోనే బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు తామే ఒకటి కట్టబూనిరి. 1956లో నమూనా నడచినది. 1960లో పూర్తి యంత్రము సిద్ధమైనది. 1962లో నెహ్రూ పండితుడు దానికి టిఫ్రాక్ అని నామకరణము చేసెను. 2,700 వాక్యూం ట్యూబులుగల ఆ మహాయంత్రపు జ్ఞాపకము 40 బిట్ల పదములు 2,048. నేటి లెక్కన 10 కె.బి. గ్రంథాలయపు యంత్రమునకు వేయదలచిన 8 జి.బి. దానికి ఎనిమిది లక్షల రెట్లకు పైమాట. హైదరాబాదున 1967లో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారు చేసినది. మొగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు ఆ సంస్థకు మూలపురుషులు, ఎ.ఎస్. రావు నగర్ అను పేట వారి పేరిటిదే.

అయితే ఇవన్నియు శాస్త్రజ్ఞుల నిర్మాణములు. సామాన్యునికి ద్వారము తెరచినది 1981 ఆగస్టు 12. ఆ దినమున ఐ.బి.ఎం. కంపెనీ వెలువరించిన పర్సనల్ కంప్యూటరులో ప్రాసెసరు ఇంటెల్‌వారిది, నడిపించు వ్యవస్థ మైక్రోసాఫ్ట్‌వారిది. భాగములు కలియు విధమును సాంకేతిక గ్రంథముగా ముద్రించి అమ్మిరి. దానితో ఇతరులు సరిపోవు కార్డులు చేయసాగిరి, తుదకు యంత్రములే చేసిరి. 1984లో టెక్సాస్ విశ్వవిద్యాలయ విద్యార్థి మైకేల్ డెల్ తన వసతిగృహపు గదిలో పెట్టిన వ్యాపారము, కొన్న యంత్రములకు క్రొత్త భాగములు వేసి అమ్ముటయే. నేడు ముద్ర వేసిన పెట్టెలను ప్రపంచమంతట అమ్ము కంపెనీలలో ఒకటి జీర్ణోద్ధరణముతో పుట్టినదని పెద్దల పక్షమువారు చెప్పుకొనవచ్చును. 1995లో ఇంటెల్‌వారు ఏ.టి.ఎక్స్. అను కొలత ఏర్పరచిరి: బోర్డు పొడవు వెడల్పులు, మరల రంధ్రముల స్థానములు, విద్యుత్ తీగల కొనలు ఇట్లుండవలెనని. ఆ కొలతను పాటించు క్యాబినెట్టు ఒకరిది, బోర్డు ఒకరిది, ఎస్.ఎం.పి.ఎస్. మరియొకరిది అయినను ఒకదానిలో నొకటి అమరును. వడ్రంగి ఎవడైనను బండికి ఇరుసు మార్చగలుగుట ఎట్టిదో ఇదియు నట్టిదే. గ్రామమునకు కావలసిన గుణము వేగము కంటె ఇదియే. యంత్రము చెడినప్పుడు హుజూర్‌నగర్‌లోనో కోదాడలోనో సూర్యాపేటలోనో దొరకు భాగముతో బాగుపడవలెను. మూడు వారములు ఎదురు చూచి ఆ కంపెనీ భాగమునే తెప్పించవలసిన యంత్రము ఎంత వేగముగలదైనను పల్లెకు భారమే.

ముద్ర వేసిన పెట్టెలకును గుణములు గలవు. బిల్లు ఒకటి, వారంటీ ఒకటి. కొన్నింటికి మనిషి ఇంటికే వచ్చి బాగుచేయును. విండోస్ అనుమతి తోడనే వచ్చును. బ్యాంకులు, కచేరీలు వాటిని కొనుట అవివేకము కాదు. విడిభాగములకు వేటి వారంటీ వాటిదే. చెడినదానిని విప్పి నగరములోని సేవాకేంద్రమునకు మోసికొని పోవలెను. కార్పొరేటు ఆఫీసులనుండి దిగిన వాడుక పెట్టెలు అగ్గువకు దొరకుననియు, వాటిలో 8వ తరమువి విండోస్ 11కు పనికివచ్చుననియు కొందరు సూచించిరి. సూచన మంచిదే గాని, వాటిలో అనేకమునకు ఎస్.ఎం.పి.ఎస్. ఆకారము పాత చిక్కునే తెచ్చును.

విడిభాగముల బజారు సికింద్రాబాదున పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటరు. సి.టి.సి. అనినచో రెండు తెలుగు రాష్ట్రముల యువకులకును తెలియును. ఇరుకు నడవలు, అంగడి ప్రక్కన అంగడి, ఒక్కొక్క చోట ఒక్కొక్క ధర. అచ్చటికి పోవువారు వ్రాసికొన్న జాబితాతో పోవలెను. అంగడివాడు వ్రాసిచ్చు జాబితాతో రారాదు. ప్రాసెసరు ‘బాక్సు’దా, ‘ట్రే’దా అని అడుగవలెను. కంపెనీ ముద్రగల డబ్బాలో వచ్చినదానికి తయారీదారుని వారంటీ యుండును. ఇంటెల్‌వారు డబ్బా ప్రాసెసరునకు 3 సంవత్సరములు ఇత్తురు. ట్రేదానికి అంగడివాని మాటయే పూచీ. జి.ఎస్.టి. లేకుండ ఇంత, ఉన్నచో ఇంత అని ఒక బేరము పెట్టుదురు. గ్రంథాలయము ఆ బేరమునకు ఒప్పరాదు. బిల్లు లేని సరకునకు వారంటీ అడుగు హక్కు లేదు, తనిఖీయందు చూపుటకు వోచరు లేదు.

మిగిలిన అన్నింటికంటె ఎస్.ఎం.పి.ఎస్. విషయమున అధిక జాగ్రత్త అవసరము. క్యాబినెట్టుతో కలిపి ‘ఊరకనే’ ఇచ్చు 450 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. అను మాటను లెక్క తెలిసినవాడు నమ్మడు. దాని ప్రక్కన అంటించిన చీటిలో 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు వ్రాసినారో చూడవలెను. ప్రాసెసరు మొదలైన ముఖ్య భాగములు ఆ 12 వోల్టుల నుండియే తినును. అచ్చట 15 ఆంపియర్లు ఉన్నచో పన్నెండు పదునైదులు 180 వాట్లు. మిగిలిన 270 వాట్లు చీటిపై సిరా మాత్రమే. 36 ఆంపియర్లు ఉన్నచో 432. అది న్యాయమైన లెక్క. బరువు చూచియు కొంత గ్రహింపవచ్చును. లోపల రాగియు, వేడి లాగు లోహమును లేనిది చేతికి తేలికగా నుండును. ఎండకాలపు మధ్యాహ్నమున, మిల్లులన్నియు నడచు వేళ, వోల్టేజి పడుచు లేచుచు నుండగా నిలువవలసినది ఈ పెట్టెయే. ఇది కాలినప్పుడు తాను ఒంటరిగా పోదు. ఒక్కొక్క మారు బోర్డును, డిస్కును వెంట గొనిపోవును. యు.పి.ఎస్. కొనకుండ వేల రూపాయల యంత్రము కొనుట ఏనుగును కొని అంకుశమునకు బేరమాడుటయే. పెద్దల మార్గమైనను, యువకుల మార్గమైనను ఈ వ్యయము తప్పదు.

ధూళి సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. మేళ్లచెరువు, మట్టంపల్లి ప్రాంతముల సిమెంటు ఫ్యాక్టరీలు, సాగర్ ఎడమ కాలువ క్రింది వరిపొలములు, ఊరూర ధాన్యపు మిల్లులు ఈ ప్రాంతపు భాగ్యము. ఊకధూళి ప్రాసెసరుపై ఫ్యానులో పేరుకొని గాలిని బంధించును. వేడి హెచ్చినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. ముసలితనమని తలచినది మురికి మాత్రమే అయిన సందర్భములు గలవు. యంత్రమును నేలపై నుంచరాదు, గుడ్డ కప్పి నడుపరాదు. తూర్పు కిటికీ ప్రక్కన నిప్పుడున్న స్థానము ఏ విధముగను తగినది కాదు.

కూర్చు విధానము వినుటకు భయము గొల్పును గాని, చేయుటకు ఓర్పు గలిగినచో చాలును. ప్రాసెసరు మూలను త్రికోణపు గుర్తు ఉండును. గూటిలోని గుర్తుతో దానిని కలిపి, దాని బరువుతోనే అది కూర్చుండునట్లు వదలవలెను. నొక్కినచో సన్నని కాళ్ళు వంగును. పైన కందిగింజంత చల్లదనపు ముద్ద వేసి ఫ్యాను బిగింపవలెను. ర్యామును రెండు ప్రక్కల సమముగా నొక్కగా చిటుక్కున శబ్దము వచ్చును. క్యాబినెట్టులో బోర్డు క్రింద ఇత్తడి ఆధారములు బిగింపవలెను; మరచినచో బోర్డు వీపు ఇనుమునకు తగిలి షార్టు అగును. ముట్టుకొనుటకు ముందు చేతి విద్యుత్తు పోవుటకు లోహమును తాకవలెను. మహాభారతమున జరాసంధుని వృత్తాంతము ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. బృహద్రథుని ఇద్దరు రాణులకు చెరి సగముగా పుట్టిన శిశువు ముక్కలు విడిగా నున్నప్పుడు పారవేయదగినవి. జర అను రాక్షసి చేర్చి పట్టగానే మహాబలుడైన బాలుడైనది. అయితే భీముడు గెలిచినది ఆ అతుకు దగ్గరనే. కూర్చిన యంత్రమునకును బలహీనత అతుకులయందే యుండును: సరిగా కూర్చుండని ర్యాము, సగమే దిగిన 24 కాళ్ళ తీగ, తారుమారైన మీట తీగలు. మొదటి దినమున యంత్రము వెలుగకున్నచో భాగములను నిందింపక ముందు అతుకులను తడవి చూచుట అనుభవజ్ఞుల పద్ధతి.

రెండు పక్షములను విన్న పిదప ఈ గ్రంథాలయమునకు ఈ సంవత్సరమున తగినది పెద్దల మార్గమే అని తోచుచున్నది. అయితే పెద్దలు చెప్పిన కారణము వలన కాదు. 2025 చివరి నెలలనుండి కృత్రిమ మేధ కొరకు కట్టు యంత్రశాలలు మెమరీ చిప్పులను విరివిగా కొనుటచే ప్రపంచమంతట క్రొత్త ర్యాముల ధరలు పైకెగసినవి. అట్టి సమయమున డి.డి.ఆర్.5 కొని క్రొత్త యంత్రము కట్టుట, కరువులో విత్తనము కొనుట. పాత పెట్టెకు సాటా ఎస్.ఎస్.డి. ఒకటి, వాడుక ర్యాము పలక ఒకటి, పైన లినక్సు; వీటికగు వ్యయము చందా ధనములో చిన్న భాగము. యు.పి.ఎస్. కొనగా మిగిలిన మొత్తమును కంప్యూటరు ఖాతా అని ప్రత్యేకముగా వ్రాసి బ్యాంకులో నుంచవలెను. పాత బోర్డు పోయిన దినమున గాని, మెమరీ ధరలు దిగిన దినమున గాని, ఏ.టి.ఎక్స్. కొలత పాటించిన క్యాబినెట్టుతో యువకులు కోరిన యంత్రమును కట్టవచ్చును. ఇప్పుడు కొన్న ఎస్.ఎస్.డి.యు, యు.పి.ఎస్.యు, తెరయు దానికి తరలిపోవును. వ్యయము వ్యర్థము కాదు. ఇత్తడి పలకకును మరల నాలుగు మరలు చాలును.

మూత విప్పుట, ధూళి తుడుచుట, భాగములు అమర్చుట యువకులకే అప్పగింపవలెను. పాత యంత్రముపై చేయి తిరిగినవారికే క్రొత్తదానిని కూర్చు ధైర్యము కలుగును. చేజారినను నష్టము స్వల్పము. గ్రామములోని బాలికలకును ఆ బల్ల దగ్గర చోటు ఇయ్యవలెను. ఇప్పటివరకు చర్చలో వారి మాట ఒక్కటైనను వినబడకపోవుట చిత్రమే, దరఖాస్తులు నింపువారిలో సగము వారే అయియుండగా.

తీసివేసిన హార్డ్ డిస్కును గూర్చి ఒక్క మాట మిగిలినది. పది సంవత్సరములుగా గ్రామస్థుల ఆధారు నకళ్ళు, పట్టాదారు పాసుపుస్తకముల ప్రతులు, మార్కుల మెమోలు, ఫోటోలు దానిపై నిలిచియున్నవి. ఫైలును డిలీటు చేసినంత మాత్రమున అది పోదు. గ్రంథాలయ సూచికనుండి చీటిని చించినట్లే. పుస్తకము అరలోనే యుండును, వెదకువానికి దొరకును. కావున దానిని పాత సామానుల వానికి కిలోల లెక్కన వేయరాదు. డిస్కు మొదటినుండి చివరివరకు సున్నలు వ్రాయు సాధనములు లినక్సులోనే ఉచితముగా నున్నవి. రాత్రి మొదలుపెట్టినచో తెల్లవారుసరికి ముగియును. ఆ పిదపనే, 2023 ఏప్రిలు 1నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము నమోదైన సంస్థకు అప్పగింపవచ్చును. అంతవరకు దానిపై చీటి అంటించి, కార్యదర్శి బీరువాలో తాళము వేసి యుంచి, స్టాకు రిజిస్టరులో ఎక్కింపవలెను.